బార్సిలోనాలో ఏ పేటలో దిగాలి?

బార్సిలోనా వెళ్లాలనుకునే మనవాళ్లు బస వెతికేటప్పుడు మ్యాప్‌లో సాధారణంగా రెండు గుర్తులు పెట్టుకుంటారు. ఒకటి సగ్రాద ఫమీలియా చర్చి, రెండోది లా రాంబ్లా అనే నడకవీధి. ఆ రెంటికీ నడిచి వెళ్లగలిగినంత దగ్గరలో గది దొరికితే ఇక పని అయిపోయిందనుకుంటారు. మొదటిసారి నేనూ అలాగే అనుకున్నాను. అయితే ఆ ఊళ్లో మెట్రో, బస్సులు ఎంత బాగా నడుస్తాయంటే, నగరం లోపల ఏ పేటలో ఉన్నా చూడవలసిన చోటికి ఇంచుమించు అరగంటలో చేరుకోవచ్చు; కాబట్టి దూరాన్ని అంతగా లెక్కపెట్టనక్కరలేదు. తేడా అంతా రాత్రి పట్టే నిద్రలో, పెట్టె మోసుకుంటూ ఎక్కవలసిన మెట్లలో, కిటికీ ఎటువైపు తెరుచుకుంటుందన్న దానిలో, పొద్దున్నే పాలూ పండ్లూ ఎక్కడ దొరుకుతాయన్న దానిలో ఉంది. ఈ నాలుగూ పేటను బట్టి పూర్తిగా మారిపోతాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటిసారి కుటుంబంతో వెళ్లేవారు ఎషాంప్లాలో, అందులోనూ సాంత్ ఆంతోని వైపు దిగడం మేలు. రెండోసారి వెళ్లేవారు, వారం రోజులు తీరిగ్గా ఉండగలిగేవారు గ్రాసియాను చూసుకోవాలి. పాతబస్తీని మాత్రం తనివితీరా తిరిగి చూసి, నిద్రకు వేరేచోటికి చేరుకోవాలి.

బార్సిలోనా కొండలకూ సముద్రానికీ మధ్య వాలుగా పరుచుకున్న ఊరు. ఎగువన కొల్సెరోలా కొండలు, దిగువన మధ్యధరా సముద్రం, రెండు పక్కలా ల్యొబ్రెగాత్, బెసోస్ నదులు. అక్కడివాళ్లు దారి చెప్పేటప్పుడు ‘కొండ వైపు’, ‘సముద్రం వైపు’ అని చెప్పడం మామూలు. నేల ఎటు పల్లంగా ఉందో చూసుకుంటే సముద్రం ఎటో తెలిసిపోతుంది. నడిబొడ్డున ప్లాసా కాతలున్యా అనే పెద్ద కూడలి ఉంది. దానికి దిగువన పాతబస్తీ, ఎగువన ఎషాంప్లా, ఇంకా ఎగువన గ్రాసియా. 1854లో కోటగోడలు పడగొట్టడం మొదలుపెట్టేదాకా నగరమంతా ఆ గోడల లోపలే ఇరుక్కుని ఉండేది. బయటి మైదానంలో కొత్త పట్టణం కట్టడానికి ఇల్డెఫోన్స్ సెర్దా అనే ఇంజనీరు గీసిన పథకానికి 1859లో ఆమోదం లభించింది. గ్రాసియా అప్పటికి వేరే ఊరు. 1897లో గాని బార్సిలోనాలో కలవలేదు. బస వెతుక్కునేవారికి ఈ చరిత్ర ఎందుకంటే, ఈనాటికీ ఆయా పేటల్లో సందు ఎంత వెడల్పుంటుందో, గదిలోకి ఎంత వెలుతురు వస్తుందో, ఇంటికి లిఫ్టు ఉంటుందో లేదో చాలావరకు ఆ చరిత్రే నిర్ణయిస్తోంది.

ముందు పాతబస్తీ సంగతి చూద్దాం. నడుమ గోతిక్ పేట, లా రాంబ్లాకు పడమటి వైపున రవాల్, వియా లాయెతానా దాటాక తూర్పున బోర్న్. రోమన్ల నాటి గోడల ముక్కలు, కథీడ్రల్, బోర్న్‌లో 1329లో మొదలుపెట్టి 1383లో పూర్తిచేసిన సాంతా మరియా దెల్ మార్ చర్చి, మోంత్‌కాదా వీధిలోని పికాసో మ్యూజియం, ఇవన్నీ ఇక్కడే ఉన్నాయి. ఉదయం ఎనిమిదింటికి, దుకాణాల షట్టర్లు ఇంకా లేవకముందు, రాత్రి కడిగిన రాతిపలకల తడి ఆరకముందు ఈ సందుల్లో నడిస్తే కలిగే సంతోషం ఊళ్లో మరెక్కడా దొరకదు. అందుకే ఇక్కడ గది తీసుకోవాలని అందరికీ మనసవుతుంది.

నాకూ అయింది. మా అమ్మను వెంటబెట్టుకుని వెళ్లినప్పుడు బోర్న్‌లో మొదటి అంతస్తులో ఉన్న ఇల్లు తీసుకున్నాను. మొదటి అంతస్తే కదా, మోకాళ్ల నొప్పులున్నా ఎక్కగలదనుకున్నాను. తీరా వెళ్లి చూస్తే మెట్లు మూడు అంతస్తులదాకా సాగాయి. ఆ ఊళ్లోని పాత మేడల్లో నేలమీది అంతస్తును ‘బాయిషోస్’ అంటారు, దాని పైదాన్ని ‘ఎంట్రెసోల్’ అంటారు, ఆ పైన ఒకప్పుడు ఇంటి యజమాని ఉండే అంతస్తును ‘ప్రిన్సిపాల్’ అంటారు. ఆ మూడూ దాటాకే ‘ఒకటి’ అనే అంకె మొదలవుతుంది. అన్ని మేడల్లోనూ ఈ మూడూ ఉండవు గాని, ఉన్నచోట మన లెక్కలో మూడో అంతస్తు అక్కడ మొదటిది అవుతుంది. ఇల్లు ఇచ్చినవాళ్లు అబద్ధం చెప్పలేదు, నేనే అడగలేదు. మెట్లు మెలితిరిగి, ఒక మనిషి పట్టేంత వెడల్పుతో, మధ్యలో అరిగి పల్లాలు పడి ఉన్నాయి. అమ్మ ప్రతి మలుపు దగ్గరా గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. ఆ నాలుగు రోజులూ మధ్యాహ్నం ఇంటికొచ్చి కాసేపు నడుం వాల్చి మళ్లీ బయలుదేరుదామన్న మా ఆలోచన సాగనే లేదు, ఎందుకంటే ఒకసారి దిగాక మళ్లీ ఎక్కడమంటే ఆమెకు భయం.

పాతబస్తీలో మెట్ల తర్వాత చెప్పుకోవలసింది చప్పుడు. రెండు మేడల మధ్య నాలుగడుగుల సందు ఉన్నచోట, కింద ఇద్దరు మాట్లాడుకుంటే ఆ మాటలు పైదాకా లేచి వస్తాయి. బోర్న్ బజారు చుట్టుపక్కల, రేయాల్ చౌకు చుట్టూ బార్లు అర్ధరాత్రి దాటేదాకా నడుస్తాయి. శని, ఆదివారాలు వేరే చెప్పనక్కరలేదు. కిటికీలు బిగించుకుందామంటే జూలై, ఆగస్టుల్లో మన కోస్తా జిల్లాల్లో ఉండేలాంటి ఉక్కపోత. పైగా చాలా సందుల్లోకి టాక్సీ రాదు కాబట్టి చివరి రెండు మూడు వందల మీటర్లు రాతిపలకల మీద పెట్టెలు ఈడ్చుకు పోవలసిందే. హైదరాబాదు నుంచి ఏ దోహా మీదుగానో, దుబాయి మీదుగానో ఇరవై మూడు కిలోల పెట్టెలతో వచ్చేవారికి ఇది చిన్న విషయం కాదు. జర్మనీ నుంచో, ఇంగ్లండు నుంచో వీపున సంచి వేసుకుని రెండు రాత్రుల కోసం వచ్చే కుర్రవాళ్లకైతే బోర్న్‌నే చెబుతాను. నిద్ర తక్కువైనా వాళ్లకు నష్టం లేదు, అర్ధరాత్రి నడిచి గదికి చేరుకోవడమే వాళ్లకు కావలసిన సౌకర్యం.

రవాల్ గురించి రెండు రకాల మాటలు వినిపిస్తాయి, రెండూ నిజమే. సముద్రం వైపు దిగేకొద్దీ కొన్ని సందులు రాత్రిపూట నిర్మానుష్యంగా, ఇబ్బందికరంగా ఉంటాయి; కుటుంబంతో అక్కడ దిగమని చెప్పలేను. ఎగువన, 1995లో తెరిచిన సమకాలీన కళల మ్యూజియం చుట్టుపక్కల, పరిస్థితి చాలా మెరుగు. అయితే పగటిపూట రవాల్ మనకు ఎంతో పనికొచ్చే పేట. పాకిస్తాన్, బంగ్లాదేశ్, భారతదేశాల నుంచి వచ్చి స్థిరపడినవారి కిరాణా దుకాణాలు అక్కడ వరుసగా ఉన్నాయి. బియ్యం, పప్పులు, గోధుమపిండి, మసాలాలు దొరుకుతాయి. ఆదివారాల్లో ఊళ్లోని పెద్ద సూపర్‌మార్కెట్లు చాలావరకు మూసి ఉన్నప్పుడు కూడా ఈ చిన్న దుకాణాలు తెరిచే ఉంటాయి. వంటగది ఉన్న ఇల్లు తీసుకునేవారు ఇది గుర్తుపెట్టుకుంటే చాలు, అక్కడే ఉండవలసిన అవసరం లేదు.

సముద్రాన్ని చూసి ఆశపడేవారికి బార్సెలొనెటా పేరు చెబుతారు. 1714లో నగరం స్పెయిన్ రాజు సేనల చేతిలో ఓడిపోయాక కోట కట్టడం కోసం రిబేరా పేటలో ఇళ్లు కూలగొట్టారు. అలా నిలువ నీడ లేకుండా పోయినవారి కోసం 1753లో కట్టడం మొదలుపెట్టిన పేట ఇది. తర్వాతి కాలంలో ఒక్కో ఇంటిని నాలుగు భాగాలు చేశారు, అందుకే అక్కడి ఇళ్లను ఇప్పటికీ ‘పావు ఇల్లు’ అని పిలుస్తారు. పేరుకు తగ్గట్టే అవి ఇరుకు; పెట్టెలు తెరిస్తే నడవడానికి చోటుండదు. బాల్కనీల్లో ఆరేసిన బట్టలు, గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చునే ముసలివాళ్లు, ఇంకా బతికి ఉన్న పేట అది. 2014లో పర్యాటకుల ఇళ్ల గోల భరించలేక వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపింది ముందుగా ఈ పేటవాళ్లే. సముద్రస్నానమే ముఖ్యమైతే పోబ్లెనౌ మంచిది. ఒకప్పటి మిల్లుల పేట, ఇప్పుడు వెడల్పాటి వీధులు, నడుమ చెట్ల నీడలో సాగే ఆ పేట సొంత రాంబ్లా, బొగాతెల్, మార్ బెల్లా బీచ్‌లు నడకదూరంలో. నగర కేంద్రానికి కొంచెం దూరమే గాని, మెట్రో నాలుగో లైను ఉంది. చిన్నపిల్లలతో వేసవిలో వెళ్లేవారు దీన్ని తప్పకుండా పరిశీలించాలి.

ఇక ఎషాంప్లా. ఆ పేరుకు ‘విస్తరణ’ అని అర్థం. సెర్దా ఇక్కడ ఒక్కో వీధికి ఇరవై మీటర్ల వెడల్పు ఇచ్చి, ఇళ్ల చతురస్రాలను ఒక్కో పక్క సుమారు 113 మీటర్లుగా గీసి, ప్రతి చతురస్రపు నాలుగు మూలలనూ కోసేశాడు. ఆ కోసిన మూలల వల్ల ప్రతి కూడలీ ఒక చిన్న చౌకులా విశాలంగా ఉంటుంది. టాక్సీ ఆగడానికి, పెట్టెలు దింపుకోవడానికి, పదిమంది కుటుంబం ఒకచోట నిలబడి ఎటు వెళ్లాలో మాట్లాడుకోవడానికి చోటు ఉంటుంది. కాలిబాటలు వెడల్పు, చక్రాల కుర్చీకైనా పిల్లల బండికైనా ఇబ్బంది లేదు. మేడలకు చాలావరకు లిఫ్టు ఉంటుంది, అయితే కొన్నిటికి గుమ్మం నుంచి లిఫ్టు దాకా ఐదారు మెట్లుంటాయి. చతురస్రాల మధ్యలో తోటలుండాలని సెర్దా ఆశించాడు. తర్వాత వాటిలో చాలావరకు కట్టడాలు లేచాయి. అయినా కొన్నిటిని నగరపాలక సంస్థ తిరిగి తోటలుగా మార్చింది. రోజెర్ ద ల్యూరియా వీధిలో పాత నీళ్ల బురుజు ఉన్న తోటలో వేసవిలో పిల్లల కోసం లోతులేని చిన్న కొలను తెరుస్తారు. బయటి వీధిలో నిలబడితే లోపల అలాంటిది ఉందని ఊహించలేం.

ఎషాంప్లాలో గది చూసేటప్పుడు ఒక మాట జాగ్రత్తగా చదవాలి. గది వివరాల్లో ‘ఎక్స్‌టీరియర్’ అని ఉంటే కిటికీ వీధి వైపు అని అర్థం. ‘ఇంటీరియర్’ అని ఉంటే అది రెండు రకాలుగా ఉండవచ్చు. చతురస్రం మధ్యలోని పెద్ద ఖాళీ వైపు తెరుచుకునే కిటికీ అయితే అంతకన్నా మంచి గది దొరకదు. వెనుకవైపు అద్దాల వసారాలు, ఎవరో పెంచుకునే నిమ్మచెట్టు, పొద్దున్నే పిచ్చుకల కిచకిచలు, రాత్రి నిశ్శబ్దం. అలా కాకుండా, మేడ మధ్యలో గాలి కోసం వదిలిన బావి లాంటి ఇరుకు ఖాళీలోకి తెరుచుకునే కిటికీ అయితే పగలే లైటు వేసుకోవాలి. పై ఇంటి గిన్నెల చప్పుడు, పక్కింటి పోపు వాసన నేరుగా గదిలోకి వస్తాయి. ధర చూస్తే రెండింటి మధ్యా పెద్ద తేడా ఉండకపోవచ్చు. కిటికీలోంచి తీసిన ఫొటో పంపమని అడగడమొక్కటే మార్గం.

వీధి కూడా చూసుకోవాలి. ఆరాగో, బాల్మెస్, గ్రాన్ వియా వీధుల్లో వాహనాల రొద తెల్లవార్లూ ఉంటుంది. దానికి భిన్నంగా కొన్సెల్ ద సెంత్, రోకఫోర్ట్, కొమ్తె బొర్రెల్, జిరోనా అనే నాలుగు వీధుల్లో కొన్ని భాగాల్లో 2023 నాటికి కార్లను బాగా తగ్గించి, చెట్లు నాటి, నడిచేవారికి అప్పగించారు. ఆ భాగాల్లో ఎక్కడ గది దొరికినా కళ్లు మూసుకుని తీసుకోవచ్చునని చెప్పగలను. పసేజ్ ద గ్రాసియాకు కుడిపక్కన ఉన్న భాగం ఖరీదైనది. వాస్తుశిల్పి గౌడీ తీర్చిదిద్దిన కాసా బాత్యో, కాసా మిలా మేడలు పక్కనే ఉంటాయి గాని ఆ డబ్బుకు తగ్గ సుఖం అదనంగా ఏమీ రాదు. సగ్రాద ఫమీలియా చుట్టుపక్కల పగలు విపరీతమైన జనం, రాత్రికి ఖాళీ. కిటికీలోంచి గోపురాలు కనిపించాలన్న కోరిక బలంగా ఉన్నవారికి అదీ బాగానే ఉంటుంది, కాని భోజనానికి మాత్రం నాలుగైదు వీధులు దూరం నడవండి.

నేను సాంత్ ఆంతోనిని ఎందుకు ముందు పెడుతున్నానంటే, అక్కడ ఈ మంచి గుణాలన్నీ కొంచెం తక్కువ ఖర్చుకు దొరుకుతాయి. 1882 నాటి ఇనుప కట్టడంలోని సాంత్ ఆంతోని మార్కెట్టును బాగుచేసి 2018లో తిరిగి తెరిచారు. కూరగాయలు, పండ్లు, గింజలు, చీజ్ అన్నీ అక్కడ కొనుక్కునేది పేటవాళ్లే; లా రాంబ్లా మీది బోకెరియా మార్కెట్టులో ఉండే తోపులాట ఉండదు. ఆదివారం ఉదయం పాత పుస్తకాల సంత. మార్కెట్టు చుట్టూ కార్లు రాని కూడళ్లలో బల్లలు, పిల్లలు ఆడుకునే చోటు. పాతబస్తీకి, అక్కడి నుంచి రవాల్ కిరాణా దుకాణాలకు పది నిమిషాల నడక. విమానాశ్రయం నుంచి ప్లాసా కాతలున్యాకు వచ్చే ఏరోబస్సు దారిలో ఉర్జెల్ దగ్గర ఆగుతుంది. అక్కడ దిగితే ఈ పేటలో చాలా ఇళ్లకు పెట్టె లాక్కుంటూ నడిచే చేరుకోవచ్చు.

గ్రాసియా సంగతి వేరు. ఒకప్పుడు వేరే ఊరుగా ఉన్న జ్ఞాపకం ఆ పేటకు ఇంకా పోలేదు. చిన్న సందులు, రెండు మూడంతస్తుల ఇళ్లు, పది నిమిషాలు నడిస్తే మరో చౌకు. వీలా చౌకులో గంటస్తంభం కింద సాయంత్రం పిల్లలు బంతాడుతుంటే తాతలు బల్లల మీద కూర్చుని చూస్తుంటారు. వీరెయినా చౌకులో చర్చి మెట్ల మీద ఎంతసేపు కూర్చున్నా ఎవరూ లేవమనరు. శాకాహార భోజనశాలలు ఇక్కడ కాస్త ఎక్కువ. గౌడీ మొదటి పెద్ద ఇల్లు కాసా విసెన్స్ ఈ పేటలోనే ఉంది, పార్క్ గుయెల్ పైన కొండమీద ఉంది. వారం రోజులుంటే మూడోరోజుకే రొట్టెల దుకాణంవాళ్లు గుర్తుపట్టి పలకరిస్తారు. అయితే కేంద్రానికి దిగడం సుఖం, తిరిగి ఎక్కడం కష్టం; రోజుకు రెండుసార్లు మెట్రో తప్పదు. సోల్ చౌకు పక్కన మాత్రం గది వద్దు, అక్కడి రాత్రుల రొద మీద పేటవాళ్లే ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటున్నారు. ఆగస్టు నడిమి వారంలో ఫెస్తా మజోర్ అనే పండుగ వస్తుంది. ఒక్కో వీధివాళ్లు నెలల తరబడి కాగితాలూ అట్టలూ సీసాలూ పోగుచేసి తమ వీధిని అలంకరించుకుంటారు. వినాయక చవితి పందిళ్ల కోసం వీధులు పోటీపడటం ఎరిగినవారికి ఆ ఉత్సాహం వెంటనే అర్థమవుతుంది. చూడటానికి తప్పక వెళ్లాలి. ఆ వారం నిద్ర కావలసినవారు మాత్రం వేరే పేటలో దిగి వెళ్లాలి.

మిగిలినవాటిలో పోబ్లె సెక్ మోంత్‌జుయిక్ కొండ పాదాన ఉంది. బ్లాయి వీధిలో రొట్టెముక్కల మీద రకరకాల పదార్థాలు పెట్టి పుల్ల గుచ్చి ఇచ్చే చిరుతిండి దుకాణాలు వరుసగా ఉంటాయి. ఖర్చు తక్కువ, పై వీధులు నిటారు. సాంట్స్ పేట పెద్ద రైల్వే స్టేషను పక్కన ఉంది. మాద్రిద్ నుంచి వేగపు రైలులో వచ్చి మర్నాడే జిరోనా నగరానికో ఫ్రాన్సుకో వెళ్లేవారికి అనుకూలం. మోంత్‌సెరాత్ కొండకు వెళ్లే రైలు మాత్రం ప్లాసా ఎస్పాన్యా నుంచి బయలుదేరుతుంది, దానికి సాంత్ ఆంతోని, పోబ్లె సెక్, సాంట్స్ మూడూ దగ్గరే.

విమానాశ్రయం నుంచి వచ్చేటప్పుడు పొరపడే చోటు ఒకటుంది. అక్కడి మెట్రో తొమ్మిదో లైను నగర కేంద్రానికి రాదు, పడమటి అంచున యూనివర్సిటీ దగ్గర ఆగిపోతుంది, మధ్యలో మారాలి. పది ప్రయాణాల టీ కాజువల్ టికెట్టు ఆ విమానాశ్రయ మెట్రో స్టేషన్లలో చెల్లదు, రైలులో చెల్లుతుంది. ఆ రైలు రెండో టెర్మినల్ నుంచి సాంట్స్‌కూ పసేజ్ ద గ్రాసియాకూ వస్తుంది. పసేజ్ ద గ్రాసియా మెట్రోలో మూడో లైను నుంచి నాలుగో లైనుకు మారడానికి నేలకింద చాలా పొడవైన సొరంగం నడవాలి. పెద్దవాళ్లతో ఉన్నప్పుడు ఆ మార్పు తప్పించుకునే పేటను ఎంచుకోవడం మంచిది. మెట్రో ఆదివారం నుంచి గురువారం దాకా అర్ధరాత్రి వరకు, శుక్రవారం రెండింటి వరకు, శనివారం రాత్రంతా నడుస్తుంది. దొంగతనాలు మెట్రోలో, లా రాంబ్లా మీద, బీచ్‌లో ఎక్కువ. ఆడవాళ్లు మెడలో గొలుసులు ఇంట్లోనే పెట్టి వెళ్లాలని గట్టిగా చెబుతున్నాను.

స్పెయిన్‌కు కావలసిన షెంజెన్ వీసాకు బస రుజువు చూపించాలి కాబట్టి మనవాళ్లు నెలల ముందే ఏదో ఒకటి బుక్ చేస్తారు. రద్దు చేసుకోగలిగినదే తీసుకోండి, వీసా వచ్చాక తీరిగ్గా పేట చూసుకుని మార్చుకోండి. పర్యాటకులకు అద్దెకిచ్చే ఇంటికి లైసెన్సు ఉండాలి. దాని సంఖ్య ప్రకటనలోనే కనిపించాలి. సంఖ్య లేని ఇల్లు ఎంత చవకగా దొరికినా వద్దు. ఇళ్ల అద్దెలు పెరిగిపోయి స్థానికులు పేటలు ఖాళీ చేయవలసి వస్తున్నందున, ఉన్న 10,101 పర్యాటక ఇళ్ల లైసెన్సులనూ 2028 నవంబరు నాటికి కొనసాగించబోమని నగర మేయరు 2024లో ప్రకటించారు. ఆ ఆవేదన న్యాయమైనదేనని నేను నమ్ముతాను, అందుకే ఈ మధ్య హోటల్లోనే దిగుతున్నాను. బస చేసిన ప్రతి మనిషికీ రాత్రికింతని, ఏడు రాత్రుల వరకు, పర్యాటక పన్ను విడిగా కట్టాలి; పదహారేళ్లు, అంతకు లోపు పిల్లలకు లేదు.

డబ్బు కట్టే ముందు ఇంటివాళ్లకో హోటలువాళ్లకో ఒక ఉత్తరం రాయండి. వీధి గుమ్మం నుంచి గది దాకా మొత్తం ఎన్ని మెట్లు, లిఫ్టు ఏ అంతస్తు నుంచి మొదలవుతుంది, కిటికీ వీధివైపా, చతురస్రం మధ్యకా, గాలిబావిలోకా, ఏసీ పడకగదిలో ఉందా ముందుగదిలోనా, రాత్రి పదకొండు దాటాక వస్తే తాళం ఎవరిస్తారు. మెట్ల సంఖ్య సూటిగా చెప్పకుండా ‘కొన్నే’ అని జవాబు వస్తే, పెద్దవాళ్లు వెంట ఉన్నవారు మరో గది చూసుకోండి.